ఊటను కొలిచే జనానికి మాటలు కావాలి

కొర్లగుంట పాఠకురాలు:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. అందులోని లోకం పూర్తిగా కల్పితం. అక్కడ ఒకటే పెద్ద ఏరు, ఏడాదిలో పది నెలలు ఒట్టి ఇసుక. జనం ఆ ఇసుకలో చెలమలు తవ్వుకుని బతుకుతారు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ స్వర్ణముఖి ఇసుకలో చెలమ తీస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. చేతులతో ఇసుక తోడుతూ పోతే ముందు తడి తగులుతుంది. తరువాత మడ్డి నీళ్ళు. ఆ మడ్డిని నాలుగైదు సార్లు తోడి పారబోస్తే అప్పుడు అడుగున సన్నగా ఇసుకరేణువులు కదులుతాయి, తేట ఊరుతుంది. నా నవల అక్కడే పుట్టింది. ఈ జనానికి దేవుడంటే ఆ ఊటే. బొమ్మ లేదు, విగ్రహం లేదు. ఇసుక కింద ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. తవ్వినచోట కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు.

కథ నడుస్తోంది కానీ మాటల దగ్గర ఆగిపోయాను. మొదట అన్నీ సంస్కృతంలో పెట్టాను. ఊటకు జలేశ్వరి, చెలమకు జలపీఠం, పూజ చేసేవాడికి తీర్థాధిపతి, మొక్కుకోవడానికి జలార్చన. ఇరవై పేజీలు మా మేనత్తకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "ఏంమే, ఇది మన కొండ మీద జరిగేదే గదా. ఏరొకటి తెచ్చి పెట్టినావు, అంతే" అంది. ఆ మాట నిజం. ఆ పేర్లు చదివితే ఎవరికైనా మన గుళ్ళే కళ్ళ ముందుకొస్తాయి. ఇసుక రాదు, ఊట రాదు.

అవన్నీ కొట్టేసి ఏ భాషకూ చెందని మాటలు కట్టాను. షొర్నా, గ్జేల్, థవూమ్ లాంటివి. ఎనిమిదో తరగతి చదివే మా అన్న కూతురు గ్జేల్ దగ్గర ఆగి "ఇది మందు పేరా అత్తా?" అని అడిగింది. ఆ పేజీలు కూడా పక్కన పెట్టేశాను.

ఇంకో చిక్కు ఉంది. ఏటికి పడమట ఒక కొండ, దాని మీద నిప్పును కొలిచేవాళ్ళు ఉంటారు. పగలూ రాత్రీ ఒక నిప్పును ఆరనివ్వకుండా కాపాడటమే వాళ్ళ మతం. ఏటివాళ్ళ మాటలకూ కొండవాళ్ళ మాటలకూ తేడా చెవికి తెలియాలి. రెండూ తెలుగులోనే ఉండాలి. ఎలా?

నేను రోజూ గోవిందరాజస్వామి గుడి ముందు నుంచే పనికి వెళ్తాను, ఆగి దండం పెట్టుకునే వెళ్తాను. ఎవరి భక్తినీ చిన్నబుచ్చినట్టు ఉండకూడదని నాకు చాలా టెన్షన్. ఇద్దరు ఎదురుపడితే ఏమనుకుంటారు, తప్పు చేస్తే ఏమంటారు, మొదటి నీళ్ళు ఎవరికి పోస్తారు, ఇలాంటి చిన్న మాటలే నాకు ముఖ్యం. మీకు తోచింది చెప్పండి.

పలమనేరు రైతు:

అమ్మా, నాకు నవలలు రాయడం తెలియదు. నీళ్ళ సంగతి తెలుసు. మా తాత నీరుగంటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడటం ఆయన పని. కూలి డబ్బు రూపంలో కాదు, కోతలప్పుడు కళ్ళంలో వడ్లు కొలిచి ఇచ్చేవాళ్ళు. వాన లేని ఏడు ఆయన చెప్పిందే తీర్పు. పెద్ద రైతు అయినా చిన్న రైతు అయినా ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు.

ఆయన తూము దగ్గరికి చెప్పులతో పోడు. గట్టు కిందే విడిచి పోతాడు. తూము ఎత్తేటప్పుడు "నీళ్ళు వదులుతా" అన్న మాట ఎప్పుడూ ఆయన నోట రాలేదు. "దారిస్తా" అనేవాడు. వదలడానికి నువ్వెవరు, అది పోయేదే, నువ్వు అడ్డం తీస్తావు, అంతే అని మాకు చెప్పేవాడు. మీ కథలో పూజ చేసేవాడికి మా తాత పనికొస్తాడేమో చూడండి. తీర్థాధిపతి అనే పేరుకు ఆయన భయపడిపోయి ఉండేవాడు.

ఇంకొక మాట. పూడిక. మా ఊళ్ళో ఎండాకాలంలో ఇంటికొక మనిషి వచ్చి చెరువులో పూడిక తీసేవాళ్ళు. రానివాళ్ళు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. తీసిన మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్ళు, అది మంచి ఎరువు. మీ జనానికి పాపం అనే మాట ఎందుకమ్మా? పూడిక అనండి. తప్పు చేస్తే ఊట పూడుతుంది. ప్రాయశ్చిత్తం పూడికతీత. డబ్బిచ్చి ఇంకొకడి చేత చేయించకూడదు, సొంత చేతులతో తియ్యాలి. తీసినదాన్ని పారెయ్యరు, చేనుకు పోస్తారు. చేసిన తప్పు చేనుకు బలమవుతుంది. ఈ ఒక్క మాట నిలిస్తే దాని వెనక మీ మతం సగం తనంతట తానే వచ్చేస్తుంది.

పండగకు మరవ అని పెట్టండి, చెరువు నిండితే నీళ్ళు పొర్లి పోయే అలుగు అది. చెరువు నిండి మరవ పారిన రోజు మా ఊరి ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, చీర తీసుకుని కట్ట మీదికి పోతారు. ఆ రోజు ఏ తేదీన వస్తుందో ఎవరూ చెప్పలేరు. పదేళ్ళు రాకపోవచ్చు. పంచాంగంలో లేని పండగ అది. మీ ఏటివాళ్ళకు అలాంటి పండగే సరిపోతుంది.

చిత్తూరు తెలుగు అయ్యవారు:

రైతుగారు చెప్పిన పూడిక నాకు చాలా నచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి మాటల వైపు నుంచి కొంత చెబుతాను.

అమ్మా, మీరు మతం పేర్లు పెట్టడంతో మొదలుపెట్టారు. పనులతో మొదలుపెట్టాల్సింది. మీ పక్కనే ఉన్న తిరుమలను చూడండి. ఆగమ గ్రంథాల్లో స్వామి విగ్రహాలకు ధ్రువబేరం, కౌతుకబేరం, స్నపనబేరం అని శాస్త్రం మాటలు ఉన్నాయి. కానీ గుడిలో రోజూ నోళ్ళలో నలిగే మాటలు వేరు. వంట జరిగేచోటు పోటు. లడ్డూకు సరుకుల కొలత దిట్టం. కానుకలు పడేది కొప్పెర, అంటే పెద్ద పాత్ర. లెక్కపెట్టేది పరకామణి. తెల్లవారుజామున దివిటీతో ముందు నడిచేది సన్నిధి గొల్ల. రోజూ స్వామికి పెరుగన్నం పెట్టేది ఓడులో, అంటే పగిలిన కుండపెంకులో. బంగారు పాత్రలు ఎన్ని ఉన్నా గడప దాటి లోపలికి పోయేది ఆ ఓడే. ఇవన్నీ వండేవాళ్ళూ మోసేవాళ్ళూ లెక్కపెట్టేవాళ్ళూ పుట్టించిన మాటలు. ఒక మతం నిజంగా ఉందని పాఠకుడు నమ్మేది ఇలాంటి మాటల వల్ల. దేవుడి పేరు ఎంత గంభీరంగా ఉన్నా నమ్మకం కుదరదు, దేవుడి గిన్నెకు ఒక పేరుంటే కుదురుతుంది.

ఎక్కువ వాడే మాట అరుగుతుంది. ఆరాత్రికం అరిగి ఆరతి, హారతి అయింది. పూలదండకు తోమాల, నైవేద్యానికి తళిగ అనేవి తమిళం నుంచి వచ్చి మన నోట్లో మన మాటలైపోయాయి. శఠారి అన్న పేరు వెనక శఠకోపుడనే పేరున్న తమిళ వైష్ణవ భక్తుడు నమ్మాళ్వారు ఉన్నాడు, మన తల మీద పెట్టించుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? తీర్థం అన్న మాటకు అసలు అర్థం ఏటిలోకి దిగే రేవు. మీరు కూడా మీ మాటను ముందు పొడుగ్గా కట్టి, తరువాత మూడు తరాలవాళ్ళు పలికి పలికి అరగదీసినట్టు చెయ్యండి. ముసలివాళ్ళు పూర్తిగా, పిల్లలు సగం పలికేలా రాయండి. చెలమలో ముందు వచ్చిన తేట తాగకుండా తిరిగి ఇసుకకు పోస్తారనుకుందాం. తాతలు దాన్ని తొలిదోసిలి అంటారు. పిల్లలు తొల్సిలి అంటారు. అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

బయటి మతాన్ని తెలుగులోకి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. తెలుగు బైబిలు తీసుకోండి. బలిపీఠము, యాజకుడు, దహనబలి, మందసము అని మనకు తెలిసిన మాటల్లోనే కొత్త అర్థం పోశారు. బాప్తిస్మము, పస్కా అని కొన్నిటిని మన పలుకుకు తగ్గట్టు మలిచారు. ఆమేన్, హల్లెలూయ అలాగే ఉంచేశారు. మూడు దారులూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. మీరూ అలాగే ఒకటో రెండో మాటలు అర్థం తెలియకుండా వదిలెయ్యండి, తక్కినవి తెలుగులో పెట్టండి. అన్నీ గ్జేల్ అయితేనే కష్టం.

తోడు అన్న మాట మీకు తట్టలేదా? నీళ్ళు తోడటం ఒకటి, మనిషికి తోడు ఒకటి, పాలకు వేసే తోడు ఒకటి. మీ జనం మొక్కుకోవడానికి ఇంతకంటే మంచి మాట దొరుకుతుందని నేననుకోను.

ఇక కొండవాళ్ళ సంగతి. వాళ్ళకు గ్రంథాలు, రాతకోతలు ఉన్నాయనుకుంటే సంస్కృత సమాసాలు వాళ్ళకివ్వండి. ఏటివాళ్ళకు అచ్చతెలుగు, కొండవాళ్ళకు సంస్కృతం. తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

గంగమ్మ గుడి వీధి:

అయ్యవారూ, మీ మాటలన్నీ ఒప్పుకుంటా, చివరిది తప్ప. ఏటివాళ్ళకు అచ్చతెలుగు, కొండవాళ్ళకు సంస్కృతం అంటే చదివేవాళ్ళు వెంటనే కొండవాళ్ళు చదువుకున్నోళ్ళు, ఏటివాళ్ళు పల్లెటూరోళ్ళు అనుకుంటారు. ఆ తక్కువ ఎక్కువలు మన తలల్లో ముందే ఉన్నాయి. అక్క రాసే కొత్త లోకంలోకి కూడా వాటిని ఎందుకు పంపాలి?

నిప్పుకు మాత్రం తెలుగులో మాటలు తక్కువా? నెగడు, కుంపటి, కొలిమి, సెగ, రవ్వ, కణకణ, నివురు. అన్నిటిలోకి నాకు నివురు ఇష్టం. నిప్పు మీద పట్టే సన్నటి బూడిద పొర. నిప్పును రాత్రంతా బతికించేది అదే. కొండవాళ్ళ మతంలో పెద్దవాళ్ళను నివురు అని పిలవొచ్చు. బయటికి చల్లగా కనబడతారు, లోపల నిప్పు ఉంటుంది. కొరివి అన్న మాట మాత్రం వాళ్ళు నోట పలకరు, చావు దగ్గర తప్ప. ఏటివాళ్ళవి ఊట, తేట, తోడు, అన్నీ మెత్తటి మాటలు. కొండవాళ్ళవి సెగ, రవ్వ, నెగడు. చెవికి తేడా ఇక్కడే ఉంది కదా అక్కా, సంస్కృతం దాకా పోనక్కరలేదు.

నేను ఎనిమిదేళ్ళుగా తిరుపతి గంగమ్మ జాతరలో వేషం వేస్తున్నా. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, రోజుకొకటి. తోటి వేషం రోజు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపాకు పట్టుకుని వీధిలో పోతుంటే నోటికొచ్చిన బూతులు తిడతాం. తిట్లు తిన్నవాళ్ళు కోపం తెచ్చుకోరు, దండం పెడతారు. ఆడవాళ్ళను చెరిచే పాళెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకొక వేషంలో తిరిగిందని, వాణ్ణి బయటికి రప్పించడానికే ఆ తిట్లని మా పెద్దోళ్ళు చెబుతారు. మొదటిసారి నేను వేషం కట్టినరోజు మా నాయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. నా కాళ్ళకు నీళ్ళు పోసి, పసుపు రాసి, కళ్ళకద్దుకున్నాడు. ఇంట్లో రోజూ నన్ను కేకలేసే మనిషి. ఆరోజు నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఇప్పుడు రాస్తుంటే కూడా.

అందుకే చెబుతున్నా. మీ ఏటివాళ్ళు ఊటను పొగడటమే రాయొద్దు. తిట్టడం కూడా రాయండి. మూడు మూరలు తవ్వినా నీళ్ళు పడకపోతే ఆ ముసలామె ఊరుకుంటుందా? ఇసుక మీద చెయ్యి కొట్టి తిడుతుంది. సొంతమనుకున్నదాన్నే తిట్టగలం. తిట్టడానికి వాళ్ళకు హక్కుందని తెలిస్తేనే అది వాళ్ళ దేవతని నేను నమ్ముతా.

ఇంకొకటి. జాతరకు కొండ మీద నుంచి గంగమ్మకు సారె వస్తుంది. ఆమె స్వామికి చెల్లెలు కాబట్టి పసుపు, కుంకుమ, చీర. పూజలు వేరు, పద్ధతులు వేరు, పైన లడ్డూ, కింద అంబలి. అయినా సారె ఆగదు. మీ కొండవాళ్ళకూ ఏటివాళ్ళకూ ఎప్పుడూ గొడవే ఉండాలని ఏముంది? ఏడాదికొకసారి కొండ మీద నుంచి ఏటికి ఏదో ఒకటి రావాలి. ఏం వస్తుందో మీరు ఆలోచించండి.

చిత్తూరు తెలుగు అయ్యవారు:

తమ్ముడు చెప్పింది సబబుగా ఉంది. సంస్కృతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. బడిలో ఇన్నేళ్ళు అచ్చతెలుగు మాటలకు గ్రామ్యమని పక్కన గీత గీసిన చెయ్యి ఇది, ఆ అలవాటే అలా రాయించింది. నివురు చాలా బాగుంది.

కొర్లగుంట పాఠకురాలు:

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజులు పనినుంచి రాగానే ఇదే పని. మొదటి మూడు అధ్యాయాలు తిరగరాశాను.

జలేశ్వరి పోయింది. ఊట ఊటే. దానికి పేరు పెట్టడమే వాళ్ళకు తప్పు అని రాశాను, పేరు పెడితే కట్టేసినట్టని వాళ్ళ నమ్మకం. పూజ చేసేవాడు అనే మాట తీసేసి ఊటగంటి అని పెట్టాను. రైతుగారూ, మీ తాతగారిని తలుచుకునే పెట్టాను. ఊటగంటి చెప్పులు గట్టు కింద విడుస్తాడు, "దారిస్తా" అంటాడు. ఆడవాళ్ళు కూడా ఊటగంటి కావచ్చు. నా కథలో ఉన్నది ఒక ముసలామే.

పాపానికి పూడిక. ఈ ఒక్క మాటతో నా రెండో అధ్యాయమే మారిపోయింది. ఇంతకుముందు తప్పు చేసిన పాత్ర ఊరు వదిలి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఎండలో ఒంటరిగా తొమ్మిది రోజులు చెలమ తవ్వుతాడు. తీసిన మడ్డిని తాను మోసం చేసినవాడి చేనికి మోస్తాడు. ఆ చేను తరువాతి ఏడు బాగా పండుతుంది. అతను దాన్ని గట్టు మీద నుంచి చూస్తాడు. ఈ దృశ్యం రాస్తూ నేను ఏడ్చాను.

తమ్ముడూ, కొండవాళ్ళను నివురులనే అన్నాను. ఏడాదికొకసారి వాళ్ళు ఏటికి దిగి వస్తారు, వాళ్ళు తెచ్చే సారె బూడిద. ఏడాది పొడుగునా వాళ్ళ నిప్పు మీద పేరుకున్న నివురును కొత్త కుండలో తెచ్చి ఏటి జనానికి ఇస్తారు. వీళ్ళు దాంతో చెలమ అంచులకు గీత గీస్తారు, కుండలు తోముకుంటారు. బదులుగా కొండకు వీళ్ళు పంపేది ఒక దోసిలి తేట. నిప్పును కొలిచేవాళ్ళు ఆ నీళ్ళను ఏం చేస్తారో నాకింకా తెలియదు. నిప్పు మీద పోయలేరు, పారబోయనూలేరు. బహుశా తాగుతారు.

ఎదురుపడినప్పుడు అనుకునే మాట ఇలా వచ్చింది. చిన్న ముక్క పెడుతున్నాను:

ముసలామె మోకాళ్ళ మీద వంగి మడ్డి తోడి పక్కన పోసింది. ఇంకోసారి పోసింది. వెనక నుంచి నీడ పడింది.

"తోడుందా?" అన్నాడు వచ్చినవాడు.

"ఉంది" అంది ఆమె, తల తిప్పకుండానే.

చెలమలో అప్పటికి చుక్క నీరు లేదు. అయినా అడిగినవాడికి అలాగే చెప్పాలి. వాడు కూర్చున్నాడు. ఇద్దరూ తవ్వారు. తేట కదిలాక ఆమె మొదటి దోసిలి ఇసుకకు పోసింది. వాడి కొడుకు పక్కనుంచి "తొల్సిలి, తొల్సిలి" అని అరిచాడు.

దీన్ని మా అత్తకు వినిపించాను. ఆమె ఈసారి కొండ ఊసెత్తలేదు. కాసేపు ఆగి, "ఆ నీళ్ళు పడినాయా లేదా, తొందరగా చెప్పు" అంది.

ఒక్క మాట మాత్రం దొరకలేదు. ఊట పూర్తిగా ఆగిపోతే, ఎన్ని చోట్ల తవ్వినా తడి తగలకపోతే, దాన్ని వాళ్ళు ఏమంటారు? ఎండిపోయింది అనలేరు, చచ్చిపోయింది అని అసలే అనరు. తిట్టడం అయిపోయాక, పూడిక తీయడం అయిపోయాక, ఏ మాట మిగులుతుంది? చివరి అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది.

పలమనేరు రైతు:

అమ్మా, మా ఇంటి వెనక బావి ఒక ఎండాకాలం అడుగంటిపోయింది. ఎండింది అనే మాట మా అవ్వ మమ్మల్ని అననిచ్చేది కాదు. "అలిగింది" అనేది. రోజూ సాయంత్రం ఆ ఒట్టి బావి గట్టు మీద దీపం పెట్టి, కాసేపు కూర్చుని, ఊళ్ళో సంగతులు చెప్పి లేచి వచ్చేది.

రెండేళ్ళు చెప్పింది.